తారామతిని దెయ్యం చేయకండి

ఈ మధ్య మా అక్క కూతురు ఫోన్లో ఒక వీడియో పంపింది. గోల్కొండ కోట బయటి గోడ పక్కన, చీకట్లో, ఆకుపచ్చగా కనిపించే కెమెరాతో ఇద్దరు కుర్రాళ్ళు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. "తారామతి ఆత్మ ఇంకా ఇక్కడే ఉంది, అర్ధరాత్రి దాటితే రాణీమహల్ వైపు నుంచి గజ్జెల చప్పుడు వస్తుంది" అని ఒకడు చెప్తుంటే రెండోవాడు ఉన్నట్టుండి ఆగి "అన్నా, విన్నావా?" అంటాడు. మనకేమీ వినిపించదు, గాలి తప్ప. దాని కింద వేలమంది "నేనూ విన్నాను" అని రాశారు. మా పిల్ల అడిగిందల్లా ఒక్కటే: "పిన్నీ, స్కూల్ వాళ్ళు గోల్కొండ ట్రిప్ అంటున్నారు, నేను రానని చెప్పేశాను, తప్పా?"

పిల్ల భయపడినందుకు నాకు కోపం రాలేదు. ఆ వీడియో చూసి పెద్దవాళ్ళు కూడా అదే నమ్ముతున్నందుకు బాధేసింది. దేశంలో దెయ్యాలున్న చోట్లు అని ఎవరు జాబితా రాసినా అందులో గోల్కొండ ఉంటోంది, ప్రతి జాబితాలోనూ తారామతి నాట్యం చేస్తూనే ఉంటుంది. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, ఆ కోటను చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, అందుకే ఈసారి కొంచెం వివరంగా రాయాలనిపించింది. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న వాదనలోకి నేను పోవడం లేదు. నేను చెప్పదలచుకుంది వేరే: ఈ దెయ్యం కథ ఒక కళాకారిణి గౌరవాన్ని తీసేస్తోంది, ఆ కోటలో నిజంగా చచ్చిపోయిన మనుషుల్ని మరుగున పడేస్తోంది, ఇవాళ అక్కడ బతుకుతున్నవాళ్ళను కూడా ఇబ్బంది పెడుతోంది.

ముందు ఆ చప్పుళ్ళ సంగతి

కోటలో చప్పుళ్ళు వినిపిస్తాయా? వినిపిస్తాయి. వినిపించేలాగే కట్టారు. లోపలి కోట ద్వారం బాలాహిస్సార్ దర్వాజా దాటగానే గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ పైన బారాదరిలో, అంటే పన్నెండు ద్వారాల మంటపంలో, ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, ఇది ప్రతి గైడూ చేసి చూపించేదే. శత్రువు వస్తే పైకి కబురు క్షణంలో చేరాలని చేసిన ఏర్పాటు అది. అలాంటి కట్టడంలో, పైకప్పులు పోయి గోడలు మాత్రం మిగిలిన హాళ్ళలో, రాత్రి గాలి వీస్తే, వందల గబ్బిలాలు ఒక్కసారిగా లేస్తే, ఎక్కడో కుక్క పరుగెడితే ఆ చప్పుడు ఎక్కడ పుట్టిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఆ కోటలో సాయంత్రాలు సౌండ్ అండ్ లైట్ షో నడుస్తోంది. పెద్ద పెద్ద స్పీకర్లలో కుతుబ్ షాహీల కథ, అందులో పాటలు, సంగీతం. అటు ఇబ్రహీంబాగ్‌లో తారామతి బారాదరిని పర్యాటక శాఖ సాంస్కృతిక వేదికగా మార్చింది, అక్కడ నిజంగానే నాట్య ప్రదర్శనలు జరుగుతాయి. అంటే ఆ చుట్టుపక్కల చీకటిపడ్డాక గజ్జెల చప్పుడు విన్నామని ఎవరన్నా అంటే వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను అనను. విన్నారు. కానీ అవి బతికున్న మనుషుల కాళ్ళకున్న గజ్జెలు.

"అయితే సాయంత్రం తర్వాత ప్రభుత్వమే లోపలికి ఎందుకు పోనివ్వదు?" అని వెంటనే అడుగుతారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పురావస్తు శాఖ కింద ఉన్న రక్షిత కట్టడాలకు 1959 నాటి నియమాలు ఉన్నాయి, వాటి ప్రకారం మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకే ప్రవేశం. రాజస్థాన్‌లో భాన్‌గఢ్ పాడుకోట దగ్గర రాత్రి ప్రవేశం లేదన్న బోర్డు ఫొటో తీసి "ప్రభుత్వమే ఒప్పుకుంది" అని తిప్పుతారే, అక్కడా కారణం ఇదే. చీకట్లో కూలిన మెట్ల మీద కాలు జారి పడకుండా, రాళ్ళు పీక్కుపోకుండా, గోడల మీద పేర్లు చెక్కకుండా పెట్టిన నిబంధన.

తారామతి ఎవరు

అబ్దుల్లా కుతుబ్ షా 1626 నుంచి 1672 దాకా ఏలాడు. ఆయన కొలువులో తారామతి, ప్రేమామతి అనే ఇద్దరు పేరు మోసిన నర్తకీమణులు ఉండేవారని చెప్పుకుంటారు. ఇబ్రహీంబాగ్ బారాదరి నుంచి కోట దాకా తాడు కట్టి దాని మీద నాట్యం చేస్తూ వచ్చేవారని, తారామతి అక్కడ పాడితే గాలివాటున ఆ పాట కోటలో రాజుకు వినిపించేదని కథలు. ఇవి కథలే, మనకెంతో ఇష్టమైన కథలు. వాటితో నాకు పేచీ లేదు.

కథ కానిదేమిటంటే రాతి కట్టడాలు. కోట లోపల తారామతి పేరుతో మసీదు ఉంది. బారాదరి ఆమె పేరుతోనే నిలిచింది. కుతుబ్ షాహీ సమాధుల తోటలో, రాజులు, రాణులు, రాజకుటుంబం వాళ్ళు ఉన్నచోట, ఈ ఇద్దరి పేర్లతో జంట సమాధులు ఉన్నాయి. ఒక నర్తకికి పాలకవంశం శ్మశానంలో, సుల్తానుల గుమ్మటాల మధ్య చోటు దొరకడం మామూలు విషయమా? ప్రేమామతిని స్వర్గవనంలోని పువ్వుగా చెప్పే పారశీక వాక్యం ఒకటి ఆమె సమాధికి రాయించారు. ఆ కాలం వాళ్ళు ఆ కళాకారిణుల్ని అలా సాగనంపారు. మూడున్నర శతాబ్దాల తర్వాత మనం ఆ తారామతిని తెల్లచీర కట్టి జుట్టు విరబోసుకున్న బొమ్మగా మార్చి వీడియో ముఖచిత్రం మీద పెట్టుకుంటున్నాం.

ఇందులో ఇంకో వివక్ష కూడా ఉంది, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. గోల్కొండ చరిత్రలో ఆడవాళ్ళు అంటే మనకు నాట్యం చేసేవాళ్ళే గుర్తొస్తారు, వాళ్ళు కూడా చచ్చాక దెయ్యాలవుతారు. అదే అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం సంగతి ఎంతమందికి తెలుసు? 1656లో ఔరంగజేబు, అప్పటికింకా యువరాజు, దండెత్తి వచ్చి కోటను చుట్టుముడితే, ఆమె స్వయంగా మొగల్ శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడి వచ్చింది. కోట ఇంకో ముప్ఫై ఏళ్ళు నిలిచిందంటే అందులో ఆ తల్లి పూనిక ఉంది. విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ మీదుగా రోజూ లక్షలమంది పోతారు, అది ఆమె పేరే. ఆమెను మాత్రం ఏ దెయ్యం కథా ముట్టుకోదు, ఎందుకంటే ఆమె గజ్జె కట్టలేదు.

నిజంగా నెత్తురు పారిన చోట్లు

పోనీ, అకాల మరణం పొందినవాళ్ళే దెయ్యాలవుతారనుకుందాం. అలా అయితే గోల్కొండలో తారామతి కంటే ముందు లేవాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు.

కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ 1543లో తొంభై దాటిన వయసులో మసీదులో నమాజు దగ్గర హత్యకు గురయ్యాడు, చేయించింది కొడుకు జంషీద్. పెద్దన్న కళ్ళు కూడా ఆ జంషీదే పీకించాడు. ఇంకో తమ్ముడు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం పారిపోయి అళియ రామరాయల నీడన ఏడేళ్ళు తలదాచుకున్నాడు. తర్వాత తిరిగొచ్చి 1550లో గద్దెనెక్కాడు. మన కవులు "మల్కిభరాముడు" అని నోరారా పిలుచుకున్నది ఈయన్నే. ఇంత నాటకం జరిగిన మసీదు బాలాహిస్సార్ దర్వాజాకు దగ్గర్లోనే ఉంది, జనం దాని పక్క నుంచే టికెట్ కౌంటర్ ఎక్కడా అని అడుక్కుంటూ పోతుంటారు.

ఆ తర్వాత అక్కన్న మాదన్నలు. హనుమకొండ వైపు నుంచి వచ్చిన తెలుగు బ్రాహ్మణ అన్నదమ్ములు. మాదన్న చివరి సుల్తాను తానాషాకు ప్రధానమంత్రి, 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చినప్పుడు ఒప్పందం నడిపించిందీ ఆయనే. 1686లో, మొగలులు మీదికొస్తున్న రోజుల్లో, ఈ కష్టాలన్నిటికీ వీళ్ళే కారణమని దర్బారులో, అంతఃపురంలో కొందరు కక్షగట్టారు. సుల్తాను దగ్గర నుంచి ఇంటికి బయల్దేరిన మాదన్నను రాత్రిపూట గోల్కొండ వీధిలో చుట్టుముట్టి నరికేశారు. అక్కన్ననూ చంపారు. మాదన్న తల మొగల్ శిబిరానికి వెళ్ళింది. ఇదంతా ఏ పాడుబడ్డ మహల్‌లోనో కాదు, మనుషులు ఇప్పటికీ తిరిగే వీధుల్లో జరిగింది.

1687 ముట్టడి గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. దాదాపు ఎనిమిది నెలలు. ఔరంగజేబు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. వానలకు నదులు పొంగి మొగల్ శిబిరానికి గింజలు రావడం ఆగిపోయింది. కరువు, దాని వెనక రోగాలు. హైదరాబాద్ ఊళ్ళో, శిబిరంలో శవాలు తీసేవాళ్ళు లేకుండా పోయారు. మొగలులు బురుజు కిందకు సొరంగం తవ్వి మందు కూరితే లోపలివాళ్ళు అది పసిగట్టి తమ వైపు నుంచి మందు తీసేసి నీళ్ళు పోశారు, వత్తి ముట్టించాక పేలుడంతా వెనక్కి తన్ని వెయ్యిమందికి పైగా మొగల్ సైనికులే చచ్చిపోయారు. మొదటి నిజాంకు తాత, మొగల్ సేనాని కిలిచ్ ఖాన్, ఆ యుద్ధంలోనే ఫిరంగి గుండు తగిలి చెయ్యి పోగొట్టుకున్నాడు. వైద్యులు ఎముక ముక్కలు తీస్తుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని రాశారు. కొద్దిరోజులకే పోయాడు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఉంది.

ఒక రాత్రి మొగలులు చప్పుడు కాకుండా నిచ్చెనలేసి గోడ ఎక్కారు. దాదాపు కోట పోయినట్టే. అప్పుడు గోడ మీద ఒక వీధికుక్క మొరిగింది. కాపలావాళ్ళు లేచారు, నిచ్చెనలు తోసేశారు. తానాషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టీ వేయించాడని ఖాఫీ ఖాన్ రాశాడు, ఆయన మొగలుల వైపు చరిత్రకారుడు మరి.

చివరికి కోట ఫిరంగులకు పడలేదు. సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తిని ఒక చిన్న ద్వారం తీశాడు. అందరూ పారిపోతున్నా తానాషా సర్దారు అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడు కత్తి దూసి అడ్డం పడ్డాడు. ఒంటి మీద డెబ్భై గాయాలు, ఒక కన్ను పోయింది, గుర్రం తీసుకెళ్ళి ఒక చెట్టు కింద పడేసింది. మర్నాడు దొరికితే ఔరంగజేబే వైద్యుల్ని పంపి బతికించి, కొలువిస్తానంటే మొదట ఒప్పుకోలేదు. తానాషా మాత్రం తన గదిలోకి మొగల్ సర్దారులు వచ్చేసరికి తొణకలేదు, ఉదయపు భోజనం వేళయిందని వాళ్ళనీ కూర్చోమన్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఉండి అక్కడే పోయాడు. ఖుల్దాబాద్‌లో పూడ్చారు. పూర్వీకుల తోటలో ఆయనకు చోటు దక్కలేదు.

ఇంత జరిగింది. వీడియోల్లో ఇందులో ఒక్క ముక్క లేదు.

"ఆ కథల వల్లే కదా జనం వస్తున్నారు"

ఈ మాట మా ఆఫీసులో ఒకతను గట్టిగా అన్నాడు, నేను తేలిగ్గా తీసెయ్యలేకపోయాను. దెయ్యం కథలు ఊళ్ళో మనందరికీ ఉన్నవే. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో దిగుడుబావి దగ్గర దెయ్యం ఉందనేవారు, మధ్యాహ్నం పూట పిల్లలెవ్వరూ అటు పోయేవాళ్ళం కాదు. ఆ కథ ఎంతమంది పిల్లల్ని నీళ్ళలో పడకుండా కాపాడిందో. అందులో ప్రేమ ఉంది, చెప్పేవాళ్ళకు ఆ బావీ తెలుసు, ఆ పిల్లలూ తెలుసు.

ఇంకా గట్టి ఉదాహరణ పుణే శనివార్‌వాడా. అక్కడ రాత్రుళ్ళు "కాకా, మలా వాచవా" అని కేకలు వినిపిస్తాయంటారు. 1773 ఆగస్టులో పద్ధెనిమిదేళ్ళ పీష్వా నారాయణరావును ఆ వాడాలోనే గార్దీ సైనికులు చంపిన మాట వాస్తవం, "బాబాయ్, నన్ను కాపాడు" అని అతను పరుగెత్తాడని చెప్పుకునే మాట అది. అంటే ఆ దెయ్యం కథ నమ్మినా నమ్మకపోయినా, విన్నవాడికి ఎవరు చచ్చారో, ఎవరు చంపించారని జనం అనుకున్నారో తెలిసిపోతుంది. చదువు లేని మనిషి కూడా ఆ చరిత్రను నోటితో మోశాడు. అలాంటి దెయ్యాన్ని కాదనడానికి నాకు నోరు రాదు.

గోల్కొండ దెయ్యం ఆ కోవలోది కాదు. తారామతి ఎలా చచ్చిపోయిందో కథలో ఉండదు, ఎవరి మీద కోపమో ఉండదు, ఎందుకు నిద్రపోవట్లేదో ఉండదు. అందమైన ఆడమనిషి, పాడుబడ్డ మహల్, గజ్జెలు, అంతే. పేరు మారిస్తే ఏ ఊరి కోటకైనా అతికించొచ్చు, అతికిస్తున్నారు కూడా. నా అభ్యంతరం దెయ్యం ఉన్నందుకు కాదు, ఆ దెయ్యానికి ఈ మట్టితో ఏ సంబంధమూ లేనందుకు.

రామదాసు బందీఖానా చూసినవాళ్ళకు నేను చెప్పేది ఇంకా బాగా అర్థమవుతుంది. భద్రాచలం గుడి కోసం సర్కారు పైకం ఖర్చుపెట్టాడని కంచర్ల గోపన్నను పెట్టిన చోటు. పన్నెండేళ్ళని మన నమ్మకం. బయటి ఎండలోంచి లోపలికి అడుగుపెడితే కాసేపు కళ్ళు కనిపించవు. పైన ఎక్కడో రంధ్రం, అందులోంచి వెలుతురు కడ్డీలా పడుతుంది. గోడ మీద రాముడు, హనుమంతుడి బొమ్మలు, సిందూరం, నూనె జిడ్డు, గబ్బిలాల వాసన. దెయ్యం ఉండాలంటే కోట మొత్తంలో అంతకు మించిన చోటు లేదు. కానీ అక్కడ ఎవ్వరూ దెయ్యం మాట ఎత్తరు. చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంటారు, ముసలివాళ్ళు సన్నగా కీర్తన అందుకుంటారు. ఎందుకంటే ఆ చీకట్లో కూర్చున్న మనిషి పేరు మనకు తెలుసు, ఆయన ఎందుకు ఏడ్చాడో తెలుసు, ఆయన పాట మన ఇళ్ళల్లో ఉంది. అక్కన్న మాదన్నలు ఆయన మేనమామలే అంటారు. ఆ వీధికి, ఈ గదికి మధ్య ఎంత చరిత్ర ఉందో చూడండి.

లోపల ఊరుంది

బయటి ఊళ్ళవాళ్ళు చాలామందికి తెలియనిది, వీడియోలు తీసేవాళ్ళు కావాలని చూపించనిది ఇది: గోల్కొండ పాడుబడ్డ కోట కాదు. టికెట్ కొని చూసే బాలాహిస్సార్ మాత్రమే శిథిలం. బయటి ప్రాకారం లోపల ఇళ్ళున్నాయి, బడులు, మసీదులు, గుళ్ళు, కిరాణా కొట్లు, టైలర్ షాపులు ఉన్నాయి. ఫతే దర్వాజా ఇనప మేకుల తలుపుల మధ్య నుంచి ఆటోలు, స్కూల్ వ్యాన్లు రోజూ పోతాయి. ఆషాఢం వస్తే హైదరాబాద్ బోనాలు మొదలయ్యేది ఇక్కడే, కొండ మీద జగదాంబ అమ్మవారి దగ్గర. 2014 నుంచి పంద్రాగస్టు జెండా ఎగరేస్తున్నదీ ఇక్కడే.

పోయిన బోనాలప్పుడు మెట్ల దారి మొదట్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు అమ్ముకునే ఒక పెద్దమ్మతో మాటలు కలిశాయి. కోట లోపలే ఇల్లట. దెయ్యాల వీడియోల గురించి అడిగితే కొబ్బరికాయల మీది పీచు సర్దుతూనే అన్నది: "మా అత్త ఈడనే ఉండె, ఆమె అత్త గూడ ఈడనే. దయ్యముంటే ఇన్నేండ్లల్ల మాకు కానరాదా బిడ్డా? గబ్బిలాలున్నయ్, కుక్కలున్నయ్, గంతే." కాసేపాగి, "మా మనవణ్ణి బయట బడిలేసినం. దయ్యాలకోటోడు అంటున్నరట. వాడు పోనని ఏడుస్తుండు" అన్నది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, విసుగు మాత్రమే. మనకు కాలక్షేపంగా కనిపించే కథ ఆ పిల్లాడికి రోజూ బడిలో ఎదురయ్యే అవమానం.

రాత్రుళ్ళు కెమెరాలు పట్టుకుని గోడలెక్కే కుర్రాళ్ళ వల్ల గోడలకూ ప్రమాదమే, వాళ్ళకూ ప్రమాదమే. 2020 అక్టోబరు వానలకు ఆ ప్రాకారంలో కొన్ని భాగాలు కూలిపోయాయి. నాలుగైదు వందల ఏళ్ళ రాళ్ళ మధ్య సున్నం నానిపోయి ఉంటే, పైనుంచి ఒక మనిషి కాలు పెట్టినా చాలు. గోల్కొండ గురించి టెన్షన్ పడాలంటే దీని గురించి పడాలి.

దెయ్యం వీడియోల్ని ఆపమని ఎవరినీ అడగను, అడిగినా ఆగవు. నేను అడిగేది గైడ్లను, పిల్లల్ని ట్రిప్‌కి తీసుకొచ్చే టీచర్లను. చప్పట్లు కొట్టించి పైకి ఎక్కించి ఫొటోలు తీయించి దింపేయకండి. సుల్తాన్ కులీ పడిపోయిన మసీదు చూపించండి. కుక్క కథ చెప్పండి, పిల్లలకు బాగా నచ్చుతుంది. బాలాహిస్సార్ పైనుంచి ఉత్తరం వైపు గుమ్మటాలు కనిపిస్తాయి కదా, అవి సుల్తానుల సమాధులని చెప్పి ఊరుకోకుండా, అక్కడ తారామతి పేరుతో కూడా ఒకటి ఉందని కలిపి చెప్పండి. టైముంటే తీసుకెళ్ళండి కూడా. బంజారా దర్వాజా గుండా బయటికొస్తే కిలోమీటరు దూరం, పిల్లలు నడిచిపోగలరు.